కాలమును దాటివచ్చిన యంత్రము

'టెర్మినేటర్' అను అమెరికా దేశపు చలనచిత్రమును గూర్చి ఈ మాసమున ముచ్చటింప దలచితిమి. ఈ పేరు వినగానే మన సోదరీమణులలో పలువురు పుట త్రిప్పివేయుదురని యెరుగుదుము. తుపాకులు, ప్రేలుళ్లు, కండలు తిరిగిన మల్లుడొకడు నల్లకళ్లద్దములు ధరించి వీథులవెంట తిరుగుట, ఇవన్నియు మగపిల్లల వేడుకలు గదా, మనకేల యని వారి యభిప్రాయము. ఆ బొమ్మను తీసినవారును, అమ్మినవారును గూడ మొదట నట్లే తలచిరి. కాని 1984వ సంవత్సరమున వెలువడిన యీ చిత్రమునకు నడుమ నిలిచినది యొక యాడుది. ఆమె కడుపున ఇంకను పడని బిడ్డకొరకై జరిగిన పోరాటమే కథయంతయు. ఇది మన పుటలలో చర్చింపదగని విషయమని మాకు తోచలేదు.

కథ యిది. 2029వ సంవత్సరమున లాస్ ఏంజిలిస్ నగరము బూడిదకుప్పయై యుండును. మనుష్యులు తమ దేశరక్షణకై నిర్మించుకొన్న స్కైనెట్ అను కంప్యూటరు వ్యవస్థ స్వతంత్రించి, అణ్వస్త్రములచే మానవజాతిని చాలవరకు మాపి, మిగిలినవారిని వేటాడుచుండును. జాన్ కానర్ అను నాయకుడు వారిని కూడగట్టి యంత్రములను గెలువబోవు తరుణమున, స్కైనెట్ ఒక యుపాయము పన్నును. పుట్టిన శత్రువును చంపుటకంటె శత్రువు పుట్టకుండ జేయుట సులభము గదా! అందులకై, పైకి మనుష్యచర్మము తొడిగిన లోహపు హంతకునొకనిని 1984వ సంవత్సరమునకు వెనుకకు పంపి, జాన్ కానర్‌కు తల్లి కాబోవు సారా కానర్‌ను చంపుమని నియమించును. ఆమెను కాపాడుటకై జాన్ కానర్ కైల్ రీస్ అను సైనికుని పంపును. సారా భోజనశాలలో వడ్డన చేసి పొట్టపోసికొను పిల్ల. పెండ్లి లేదు, బిడ్డలు లేరు. రాబోవు లోకమంతయు నీ కడుపు పంటపై నాధారపడి యున్నదని యొక యపరిచితుడు వచ్చి చెప్పినచో ఏ యాడుది నమ్మును?

దేవకీదేవి పెండ్లినాటి కథ యెరిగిన మనకు ఇది క్రొత్త కాదు. ఆకాశవాణి పలికినంతనే కంసుడు చెల్లెలి జుట్టు పట్టి కత్తి దూసెను. పుట్టబోవువానికి భయపడి తల్లిపై చేయి యెత్తుట దుర్మార్గులకు అనాదిగా నున్న యలవాటే. భేద మేమన, కంసునికి వసుదేవుడు నచ్చజెప్పగలిగెను. ఈ యంత్రమునకు నచ్చజెప్పుటకు వీలు లేదు. దానికి కోపము లేదు, జాలి లేదు, అలసట లేదు.

కాలమును దాటుట మాత్రము క్రొత్తయా? భాగవతమున కకుద్మి యను రాజు తన కూతురు రేవతికి తగిన వరుని చెప్పుమని యడుగుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు బోయెను. అచట గానము సాగుచుండగా కొంచెముసేపు నిలిచెను. తిరిగి చూచునప్పటికి భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోయెను! తాను మనసున ననుకొన్న వరులు, వారి మనుమలు, వారి వంశముల పేళ్లును మిగులలేదు. అంతట బ్రహ్మ చెప్పినట్లు బలరామున కిచ్చి పెండ్లి చేసెను. ఐతే మన కథలలోనివారు ముందునకే పోవుదురుగాని వెనుకకు రారు. వెనుకకు వచ్చుటతోనే చిక్కు మొదలగును. ఈ చిత్రములో సారాను కాపాడ వచ్చిన రీసే ఆమె బిడ్డకు తండ్రి యగును. అనగా కొడుకు తన తండ్రిని తానే యేరి, వెనుకటి కాలమునకు పంపెనన్నమాట. పంపకున్న కొడుకు లేడు, కొడుకు లేకున్న పంపువాడు లేడు. విత్తు ముందా చెట్టు ముందా యని మన పెద్దలు వేయు ప్రశ్నయే యిది. హంతకుని పంపి తన శత్రువునకు పుట్టుక కల్పించినది స్కైనెట్టే! కంసుడు చెల్లెలిని చెరలో నుంచి తన చావును తానే పెంచుకొన్నట్లు.

ఇక దీని ఖర్చు సంగతి. గృహిణులకు ఇది రుచించు భాగము కావున కొంచెము విపులముగా వ్రాసెదము.

దర్శకుడు జేమ్స్ కామెరాన్ కెనడా దేశమున 1954లో పుట్టినవాడు. కొంతకాలము లారీ తోలి బ్రతికినవాడు. తరువాత రోజర్ కార్మన్ అను నిర్మాతవద్ద చేరి, చవుకగా బొమ్మలు తీయుట, చిన్న నమూనాలు కట్టి పెద్దవానివలె చూపుట నేర్చెను. 1982లో రోము నగరమున నున్నప్పుడు జ్వరము తగిలి, మంటలలోనుండి లోహపు మొండెమొకటి వంటింటి కత్తులు పట్టుకొని ప్రాకివచ్చుచున్నట్లు కల గనెనట. ఆ కలయే కథకు బీజము. కథ వ్రాసి, దాని హక్కులను గేల్ ఆన్ హర్డ్ అను ఆమెకు ఒకే యొక్క డాలరునకు విక్రయించెను. దర్శకునిగా నన్నే యుంచవలెననునదే షరతు. అంతకుముందు పేరు ప్రతిష్ఠలు లేనివాడు. ధనవంతులు కథను కొని తన్ను వెడలగొట్టుదురని భయము. ఆమెయు కార్మన్ వద్ద పని నేర్చినదే. ఈ చిత్రమునకు నిర్మాత యామెయే. కథారచనలో పాలుపంచుకొన్నట్లు ఆమె పేరును తెరపై కనబడును. 'టెర్మినేటర్' అన్న కామెరాన్ పేరును, కండల వీరుని పేరును చెప్పెదరు గాని, ఒక్క డాలరుకు కొన్న సరకును లోకమునకు చేర్చిన ఈ యింతి పేరు చెప్పువారు మాకు కనబడలేదు.

మొత్తము వ్యయము సుమారు 64 లక్షల డాలర్లు. మనకు పెద్ద సొమ్ముగా దోచును గాని, ఆ సంవత్సరమే వెలువడిన 'డ్యూన్' అను మరియొక భవిష్యత్కథకు సుమారు 4 కోట్ల డాలర్లు వెచ్చించిరి. పెట్టిన పెట్టుబడి యైనను అమెరికాలో రాలేదు. అట్టి కాలమున ఈ బీద చిత్రము ఎట్లు గట్టెక్కినది?

కథలోనే పొదుపు దాగియున్నదని మా యభిప్రాయము. కాలమును దాటి వచ్చువారు దిగంబరులై వచ్చెదరు. ప్రాణముగల మాంసము తప్ప వస్త్రము గాని యాయుధము గాని దాటి రాదని కథలోని నియమము. ఇది వింతగా దోచును గాని, దీనివలన కలిగిన లాభము చూడుడు. రాబోవు యుగపు దుస్తులు కుట్టనక్కరలేదు, వాహనములు కట్టనక్కరలేదు, ఆయుధములు చేయనక్కరలేదు. వచ్చినవాడు ఈ కాలపు బట్టలే దొంగిలించి కట్టుకొనును, ఈ కాలపు తుపాకులే సంపాదించుకొనును. భవిష్యత్తును నాలుగైదు చిన్న ఘట్టములలో, అదియు చీకటిలో, చేతితో కట్టిన నమూనాలతో చూపి ఊరకుందురు. మిగిలినదంతయు పరుగెత్తుచున్న కారులో కూర్చుండి రీస్ నోటితో చెప్పును, మనము ఊహించుకొందుము. ఇంట నున్న బియ్యము, చింతపండు, పోపుదినుసులతోనే పులిహోర కలిపి పండుగ చేసిన యిల్లాలి నేర్పు ఇది. పట్టణపు వీథులే రంగస్థలము, రాత్రియే తెర. చిత్రములో హెచ్చుభాగము రాత్రివేళలందే తీసిరి. చివరి ఘట్టమున సారా కారు తోలుకొనిపోవునది అనుమతి లేకయే తీయుచుండగా రక్షకభటుడు వచ్చి యడిగెననియు, కాలేజీ విద్యార్థులు తీసికొను బొమ్మయని చెప్పి తప్పించుకొనిరనియు చెప్పుదురు. సారా పాత్ర ధరించిన లిండా హామిల్టన్ చీలమండ దెబ్బతిని యుండగా, కట్టు కట్టించుకొని పరుగు ఘట్టములు నటించినది.

సంగీతము మాట యొకటి చెప్పక మానలేము. బ్రాడ్ ఫీడెల్ అను నాతడు కూర్చిన ఆ సంగీతమున లోహముపై లోహము మోదినట్లు ధ్వని యొకటి కొట్టుకొనుచుండును. యంత్రపు గుండె చప్పుడువలె నుండు ఆ ధ్వనిని, మైక్రోఫోను చెంత ఇనుప పెనమును మోది పుట్టించెనట! ప్రతిదినమును అట్ల పెనముపై అట్లకాడ వాయించు మనకు ఈ విద్య తెలియకపోయెను.

1984 అక్టోబరు 26వ తేదీన చిత్రము అమెరికాలో విడుదలయ్యెను. పంపిణీ చేసినవారికి దీనిపై నమ్మకము తక్కువ. ఇట్టి బొమ్మలు రెండు మూడు వారములాడి మూలబడునవని వారి లెక్క. కాని మొదటి వారాంతముననే సుమారు 40 లక్షల డాలర్లు రాబట్టి తక్కిన చిత్రములకన్న ముందు నిలిచెను. ఆ దేశమున మొత్తము 3 కోట్ల 80 లక్షలును, ప్రపంచమంతట 7 కోట్ల 80 లక్షలును వచ్చినవని లెక్కలు చెప్పుచున్నవి. 'టైమ్' పత్రిక ఆ యేటి పది మేలి చిత్రములలో దీనిని చేర్చెను. హింస మితిమీరినదని ఈసడించిన విమర్శకులును గలరు. పిమ్మట వీడియో క్యాసెట్ల మూలమున ఇంటింట ప్రవేశించెను. టాకీసులో చూడనివారు ఇంట జూచిరి. ఒకసారి చూచినవారు పదిసార్లు చూచిరి. 2008వ సంవత్సరమున అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయము భద్రపరుపదగిన చిత్రముల పట్టికలో దీనిని చేర్చెను. ఇందలి కథాంశములు తనవియని హార్లన్ ఎల్లిసన్ అను రచయిత వ్యాజ్యమునకు సిద్ధపడగా రాజీ చేసికొని తెరపై ఆయన పేరును చేర్చిరి. ఆ తగవును ఇంతటితో విడిచెదము.

చూచువారు ఎవరిని మెచ్చుకొనిరి? ఇదియే మాకు మింగుడుపడని విషయము. హంతక యంత్రము వేషము వేసినవాడు ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్. ఆస్ట్రియా దేశమున పుట్టి, దేహదారుఢ్యపు పోటీలలో జగద్విఖ్యాతుడై, పిదప 2003 మొదలు 2011 వరకు కాలిఫోర్నియా రాష్ట్రమునకు గవర్నరుగా నుండినవాడు. చిత్రమంతటిలో ఆతడు పలుకు మాటలు నూరు లేవు. ఐనను ప్రేక్షకులు చప్పట్లు కొట్టినది ఆతనికే. ఠాణాలో నొక రక్షకభటునితో తిరిగి వచ్చెదనని యొక చిన్న మాట చెప్పి వెడలి, కారుతో గోడ పగులగొట్టి లోనికి వచ్చును. అటుపిమ్మట పలువురు భటులు హతులగుదురు. ఆ చిన్న మాట ప్రపంచమంతట సామెత యైపోయినది. 2005లో అమెరికా చలనచిత్ర సంస్థవారు మేలి సంభాషణలను నూరింటిని యెంచగా దానికి 37వ స్థానము వచ్చినది. ఆ మాట చెప్పునప్పుడు దర్శకునికిని నటునికిని తగవు వచ్చెనట. ఇంగ్లీషువారు వాడుకలో రెండు మాటలను కలిపి 'ఐల్' అందురు. యంత్రము అట్లు కుదించి పలుకదు, 'ఐ విల్' అని పూర్తిగా ననవలెనని నటుని వాదము. వ్రాసినట్లే పలుకుమని దర్శకుడు. గ్రాంథికమా వ్యావహారికమా యని మన పండితులు పడిన తగవు ఆ యంత్రమునకు గూడ తప్పలేదు!

మా యింట టెలివిజనులో ఈ చిత్రము వచ్చినప్పుడు కుఱ్ఱవాండ్రు ఎక్కడ నవ్విరో, ఎక్కడ ఈల వేసిరో మేము గమనించితిమి. యంత్రము ఒక గదిలో దాగియుండగా తలుపు వెలుపలినుండి ఆ యింటి పనివా డేదో యడుగును. పలుకదగిన సమాధానములు యంత్రపు కంటికి జాబితాగా గనబడును. అందులో మిక్కిలి మోటైనదానిని యేరుకొని పలుకును. నవ్వులే నవ్వులు. కాని అంతకుముందు జరిగినదేమి? యంత్రమునకు సారా కానర్ రూపురేఖలు తెలియవు. పేరు, ఊరు మాత్రమే తెలియును. టెలిఫోను పుస్తకములో ఆ పేరుగల స్త్రీల వరుస చూచి, ఒక్కొక్కరి యిల్లు వెదకి చంపుకొనుచు వచ్చును. మొదటి సారా కానర్ గృహిణి. తలుపు తట్టినవాడు నీవు సారా కానర్ వా యని యడుగగా ఔననును. ఆమె చేసిన నేరము ఆ పేరు కలిగియుండుటయే. తన పేరు తాను చెప్పి చచ్చిన ఆ యిల్లాలిని తలచినవా రొక్కరును ఆ గదిలో లేరు, మా అత్తగారు తప్ప. ఆమె మాత్రము, "ఆ వచ్చినవాడెవడో కిటికీలోంచి చూసుకోవద్దుటే అమ్మాయీ!" అని నొచ్చుకొనిరి.

పిమ్మట సారా తన తల్లికి టెలిఫోను చేసి తా నుండు చోటు చెప్పును. అవతల తల్లి గొంతుకతో పలుకుచున్నది యంత్రము. "మారీచుడే! రాముడి గొంతు పెట్టుకుని అరిచినవాడే వీడు," అని అత్తగారు లేచి కూర్చుండిరి. "అవునత్తయ్యా, కాని యిక్కడ లక్ష్మణుడు పక్కనే ఉన్నాడు," అని మేమంటిమి. "ఉండి యేం లాభం? వెళ్లిపోయాడుగా సామాన్లకి!" అని యామె సమాధానము. నిజమే, రీస్ అప్పుడు మందుగుండు చేయుటకు కావలసిన సరకులు కొన బజారునకు పోయియుండెను. ఇంతటి విమర్శ ఏ పత్రికలోను మేము చదువలేదు.

1991వ సంవత్సరము జూలై నెలలో దీనికి రెండవ భాగము వెలువడెను. ఈమారు వ్యయము సుమారు 10 కోట్ల డాలర్లు. మొదటిదానికి ఇంచుమించు పదునైదింతలు. యంత్రపురుషుని మెచ్చుకొన్న ప్రేక్షకుల మనసెరిగి ఆతనిని రక్షకునిగా మార్చిరి. 2003లో పైని సంస్థవారే వీరులకు, దుష్టులకు వేరువేరు పట్టికలు వేయగా, ఈ యంత్రము దుష్టులలో 22వ స్థానమును, వీరులలో 48వ స్థానమును పొందెను. ఒకే ముఖము రెండు పట్టికలలోను! సారాయును ఆ భాగమున కండలు పెంచి, తుపాకి పట్టి, నవ్వు మరచిన స్త్రీయై కనబడును. ఆ సారాను మెచ్చుకొన్న సోదరీమణులు చాలమంది గలరు. మాకు మాత్రము మొదటి సారాయే నచ్చినది. ఆమె వీరనారి కాదు. పళ్లెములు చేత బట్టి తడబడు పిల్ల. అట్టిది, రీస్ మరణించిన పిదప, కాలు గాయపడి యీడ్చుకొనుచు కర్మాగారములో ప్రాకిపోయి, వెంటబడిన లోహపు మొండెమును ఒత్తుయంత్రపు పలకలనడుమ చిక్కించి, తానే మీట నొక్కును. ఆ ధైర్యము కండలవలన వచ్చినది కాదు.

వింత యేమన, ఆ 1991 జూలై నెలలోనే మన తెలుగుదేశమునను కాలయంత్రము తెరపైకి వచ్చినది. సింగీతము శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369' ఎరుగని యిల్లు తెలుగునాట అరుదు. అందులో నాయికానాయకులు 1526వ సంవత్సరమునకు వెడలి కృష్ణదేవరాయల కొలువు చూతురు. పిదప 2504వ సంవత్సరమునకు దాటుదురు. బాలకృష్ణగారు నాయకుడుగాను రాయలుగాను రెండు వేషములు ధరించిరి. అమెరికావారు కాలమును దాటి తుపాకి పట్టుకొన్నారు; మనవారు కాలమును దాటి తెనాలి రామకృష్ణుని జూచి వచ్చినారు. అందును దుష్టుడు గలడు, వజ్రమొకటి దొంగిలింప జూచును. ఐనను పిల్లలను ఒడిలో నుంచుకొని చూడదగిన బొమ్మ. 2025 ఏప్రిల్ నెలలో దానిని మరల విడుదల చేసిరి.

'టెర్మినేటర్'ను మాత్రము పిల్లలు చూడదగదు. అమెరికాలోనే పదునేడేండ్ల లోపువారు పెద్దలు వెంట లేనిదే చూడరాదని నిబంధన పెట్టిరి. హంతకుడు తన కంటిని తానే కోసికొను ఘట్టమును చూచి మేము మొగము త్రిప్పుకొంటిమి. వయసు వచ్చిన యాడుపిల్లలతో కూర్చుండి చూచుటకు అభ్యంతరము లేదు గాని, నడుమనున్న యొక శృంగారఘట్టమున వంటింటికి మంచినీళ్లకై లేచిపోవుట తెలుగింట ఎట్లును జరుగు పనియే.

చివరి ఘట్టమును గూర్చి యొక మాట. అప్పటికి సారా గర్భవతి. జీపు తోలుకొనుచు, ఒడిలో టేపురికార్డరు పెట్టుకొని, పుట్టబోవు కొడుకుతో మాటలాడుచుండును. సుభద్ర కడుపున నున్న అభిమన్యుడు పద్మవ్యూహపు సంగతి విన్నట్లు, ఈ బిడ్డ యుద్ధపు సంగతులు వినవలెను. తండ్రి యెవ్వరో చెప్పవలెనా వద్దా యని యామె తటపటాయించును. చెప్పినచో, తానే తండ్రిని చావునకు పంపవలసి యుండునని కొడుకునకు తెలియును. చెప్పకున్న పంపునో లేదో! ఇంధనము పోయించుకొనుటకు ఆగినచోట ఒక బాలుడు ఆమె ఫొటో తీసి నాలుగు డాలర్లకు అమ్మును. రాబోవు యుద్ధకాలమున రీస్ గుండెకు హత్తుకొని తిరిగిన ఫొటో అదియే. ఈ చిత్రమున మాకు మిక్కిలి విలువగా తోచిన ఘట్టమిది. అప్పటికి మా కుఱ్ఱవాండ్రు పోరాటము ముగిసినదని లేచి కంచములముందు కూర్చుండిరి. అత్తగారును మేమును మాత్రము, ఆమె కొడుకుతో ఏమి చెప్పి యుండునా యని మాటలాడుకొనుచు చాలసేపు కూర్చుంటిమి. "చెప్పే ఉంటుంది. తల్లి చెప్పకపోతే వాడికి ఇంకెవరు చెప్తారు?" అని అత్తగారి పక్షము. మా పక్షము ఇంకను తేలలేదు.